చలికి ఇంట్లో సూప్: టమాటాది విరుగుతోంది, ఉలవలది నీళ్ళవుతోంది, పాయా నీచు వాసన... ఏం చేయాల?

బుధవారపేట ఇల్లాలు (కర్నూలు):

చలి పట్టినప్పట్నుంచి ఇంట్లో సాయంత్రం టీ బదులు సూప్ అడుగుతున్నారు. ఐదుగురం. ప్యాకెట్ పొడుల్లో ఉప్పు ఎక్కువని మానేసినాము, ఒకరికి బీపీ ఉంది. మూడు చోట్ల కుదరడం లేదు.

1. టమాటా సూప్‌లో పాలు పోయగానే విరిగి తెల్లటి పలుకులు తేలుతున్నాయి. చక్కెర వేసి చూసినా అంతే. కార్న్‌ఫ్లోర్‌తో పొయ్యి మీద చిక్కగానే ఉంటుంది, అరగంటకు పలచబడుతుంది.

2. ఉలవలు ఎనిమిది విజిల్స్ వచ్చినా చితకడం లేదు, కట్టు రంగునీళ్ళలా దిగుతుంది. మాది బోరు నీళ్ళు.

3. పాయా మబ్బుగా, నీచు వాసనతో వస్తోంది.

దయచేసి కొలతలతో చెప్పండి. "తగినంత" అంటే ఎంతో తెలియకే ఇక్కడ అడుగుతున్నా.

వంటింటి లెక్కలు (ప్రొద్దుటూరు):

టమాటా సంగతి నేను చెప్తాను, మిగతావి తెలిసినవాళ్ళు అందుకోండి.

పాలు విరిగేది పులుపూ వేడీ రెండూ కలిసినప్పుడు. చక్కెర పులుపును నాలుకకు తెలియనీయదు, అంతే. సూప్‌లో పులుపు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కాబట్టి పాలు మామూలుగానే విరుగుతాయి.

ఐదుగురికి కొలత ఇది. పండిన టమాటాలు 750 గ్రాములు, చిన్న ఎర్రగడ్డ ఒకటి, తెల్లగడ్డ ఐదు రెబ్బలు, క్యారెట్ ఒకటి, వెన్న 20 గ్రాములు, నీళ్ళు 300 మి.లీ. నీళ్ళు ఇంతేనా అనుకోవద్దు. టమాటాలోనే నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళు. కాయలు మునిగేదాకా పోసి ఉడికించి, తర్వాత పలచగా ఉందని పిండి మీద పిండి కలుపుతారు, చివరికి అది టమాటా రంగు గంజి అవుతుంది. పత్తికొండ వైపు నుంచి వచ్చే టమాటాల్లో గుండ్రంగా, పలచటి తోలుతో ఉండే నాటువి పులుపు, వాసన రెండూ ఎక్కువ. కోలగా, గట్టిగా ఉండే హైబ్రిడ్‌వి కండ ఎక్కువ, పులుపు తక్కువ. సగం సగం తీసుకోండి. అచ్చం నాటువే అయితే క్యారెట్ ఇంకొకటి వేయండి.

కుక్కర్లో సగం వెన్న కరిగించి ఎర్రగడ్డ, తెల్లగడ్డ రంగు మారకుండా మూడు నిమిషాలు మగ్గనివ్వాల. ఎర్రబడితే సూప్‌లో కూర వాసన వస్తుంది. టమాటా, క్యారెట్ ముక్కలు, అర చెంచా ఉప్పు వేసి ఐదు నిమిషాలు తిప్పి, నీళ్ళు పోసి రెండు విజిల్స్. బాగా చల్లారినాకే మిక్సీ. వేడిది వేసి మూత బిగిస్తే లోపల ఆవిరి మూతను ఎగరగొడుతుంది, చేతులు కాలుతాయి. జార్ సగానికి మించి నింపొద్దు. తర్వాత పిండి జల్లెడలో గరిటెతో రుద్ది దించండి. టీ వడకట్టే జాలిలో పోస్తే గుజ్జు పైనే ఆగిపోయి రసం ఒకటే కిందికి దిగుతుంది.

ఇక పలచబడడం. దీనికి కారణాలు మూడు. కార్న్‌ఫ్లోర్ పోసినాక చిక్కబడింది కదా అని వెంటనే దించడం మొదటిది. పోసినాక రెండు నిమిషాలు తెర్లాల, లేకుంటే పచ్చి వాసన పోదు, చిక్కదనం నిలవదు. రెండోది పులుపు. పులుపున్న దాంట్లో పిండి వేసి పది, పదిహేను నిమిషాలు మరిగిస్తే పిండి చిక్కదనం విరిగిపోతుంది, అందుకే పిండి ఎప్పుడూ చివర్లో. మూడోది చాలామంది నమ్మరు: రుచి చూసిన చెంచానే మళ్ళీ గిన్నెలో పెట్టడం. ఎంగిలిలో పిండిని అరిగించే గుణం ఉంది, గోరువెచ్చగా ఉన్న గిన్నెలో ఆ కాస్త చాలు. అరగంటకు పలచబడుతోంది అంటున్నారు కాబట్టి నా అనుమానం దీని మీదనే. రుచి చూసేకి వేరే చెంచా పెట్టుకోండి. లీటరు సూప్‌కు కార్న్‌ఫ్లోర్ తలగొట్టిన రెండు పెద్ద చెంచాలు, నాలుగైదు చెంచాల చల్లటి నీళ్ళలో కలిపి పోయాల. వేడి నీళ్ళలో కలిపితే ఉండలే.

పాలు కావాల్సిందే అంటే: 100 మి.లీ. చిక్కటి పాలలో అర చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి, తిప్పుతూ విడిగా ఒక పొంగు రానివ్వండి. సూప్ దించి నాలుగైదు నిమిషాలు ఆగండి. ముందు ఒక గరిటె సూప్‌ను పాలలోకి పోసి కలిపి, ఆ పాలను మిగతా సూప్‌లోకి తిప్పుతూ పోయండి. ఆ తర్వాత మళ్ళీ పొయ్యెక్కించొద్దు. పాల కన్నా మీగడ మేలు, అందులో కొవ్వు ఎక్కువ, విరిగే మాంసకృత్తులు తక్కువ. కానీ నెయ్యికోసం ఫ్రిజ్‌లో వారం రోజులుగా కూడబెట్టిన మీగడ పనికిరాదు, అది అప్పటికే పులిసి ఉంటుంది. నన్నడిగితే పాలే వద్దు. దాచిన 10 గ్రాముల వెన్న దించేముందు వేసి తిప్పండి, నునుపు వస్తుంది, టమాటా రుచి చెడదు.

కొందరు పులుపు చంపేకి తినేసోడా వేయమంటారు. విరగకపోవచ్చు గానీ రుచి చప్పబడి సబ్బు నీళ్ళ వాసన తగులుతుంది. వద్దు.

ఉలవచేను (అనంతపురం):

అక్కా, ఉలవలు ఉడకకపోయేకి కారణం మీరే రాసినారు, బోరు నీళ్ళు. కుక్కర్ అడుగున, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర కడుతుంది చూడండి, అది నీళ్ళలోని కాల్షియం. గింజ గోడల్లో పెక్టిన్ అని ఒకటి ఉంటుంది, అది కరిగితేనే గింజ మెత్తబడేది. కాల్షియం దాన్ని పట్టుకుని కరగనివ్వదు. మన జిల్లాల్లో కందిపప్పు కూడా ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉడికేది ఇందుకే. ఉలవలు నానబెట్టేకి, ఉడికించేకి రెండిటికీ క్యాన్ నీళ్ళు గానీ ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళు గానీ వాడండి. నానబెట్టేది బోరు నీళ్ళలో, ఉడికించేది ఫిల్టర్ నీళ్ళలో అయితే సగం ఫలితమే.

రెండో అనుమానం, పాత ఉలవలు. రెండేళ్ళు డబ్బాలో ఉన్నవి ఎంత నానినా గట్టిగానే ఉంటాయి. నానబెట్టినాక చూడండి, రాత్రంతా నీళ్ళలో ఉన్నా ఉబ్బకుండా రాయిలాగే ఉన్న గింజలు ఎక్కువుంటే ఆ సరుకు గుర్రాలకే.

ఐదుగురికి ఉలవలు 250 గ్రాములు. ముందు గాలించాల, ఇది తప్పదు. ఉలవ రంగులోనే ఉండే సన్న రాళ్ళు చేటలో కంటికి దొరకవు. గిన్నెలో నీళ్ళు పోసి తిప్పుతూ గింజలను ఇంకో గిన్నెలోకి జార్చుకుంటూ పోతే రాళ్ళు అడుగున మిగులుతాయి, రెండు సార్లు చేయండి. తర్వాత లీటరు నీళ్ళు, ఒక చెంచా ఉప్పు వేసి 12 గంటలు నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి కడగండి, పొట్ట ఉబ్బరం కొంత తగ్గుతుంది. కొత్తగా లీటరున్నర నీళ్ళు, ఒక చెంచా నూనె. కుక్కర్ సగానికి మించొద్దు, ఉలవ నురుగ విజిల్‌లో ఇరుక్కుంటుంది. ఐదు లీటర్ల కుక్కర్ అయితే సరిపోతుంది. పెద్ద మంట మీద మొదటి విజిల్ రానిచ్చి, మంట సన్నం చేసి 35 నిమిషాలు. విజిల్స్ లెక్కపెట్టొద్దు. పెద్ద మంట మీద ఎనిమిది విజిల్స్ పది నిమిషాల్లో వచ్చేస్తాయి, ఉలవకు అది ఏమూలకు! ఆవిరి తనంతట పోయినాకే మూత తీయండి. బొటనవేలితో నొక్కితే మెత్తగా చితకాల.

వడగడితే సుమారు లీటరు కట్టు వస్తుంది. అది పలచగానే ఉంటుంది, కంగారొద్దు. ఉడికిన ఉలవలు రెండు గరిటెలు తీసి ఆ కట్టుతోనే మెత్తగా రుబ్బి మళ్ళీ అందులో కలపండి. చిక్కదనం దాన్నుంచే రావాల, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. మిరియాలు, జీలకర్ర, ధనియాలు ఒక్కో చెంచా, తెల్లగడ్డ ఆరు రెబ్బలు, రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. రెండు చెంచాల నెయ్యిలో ఒక ఎండుమిరపకాయ, కరివేపాకు, చిటికెడు ఇంగువ, తర్వాత ఈ దంచినది వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి కట్టు పోయండి. చింతపండు 8 నుంచి 10 గ్రాములు, అంటే ఉసిరికాయలో సగం ఉంటే చాలు, దాని రసం ఇప్పుడు పోయండి. సన్న మంట మీద పది నిమిషాలు.

చింతపండు ముందే వేసి ఉడికిస్తే మళ్ళీ మొదటికే వస్తారు. పులుపు తగిలితే ఏ గింజా సరిగా ఉడకదు.

కోస్తా ఉలవచారుతో దీన్ని పోల్చొద్దు. అది గంటల తరబడి చిక్కగా మరిగించి అన్నంలోకి మీగడతో తినేది. ఇది గ్లాసులో పోసుకుని తాగేది. మిగిలిన ఉలవలకు తాలింపు పెట్టి పచ్చికొబ్బరి చల్లితే గుగ్గిళ్ళు.

కమలాపురం:

ఉలవచేను అన్నా, నానబెట్టేటప్పుడు ఉప్పు అంటున్నారు. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందని కదా పెద్దలు చెప్పేది?

ఉలవచేను (అనంతపురం):

గట్టిపరిచేది పులుపూ, నీళ్ళలోని కాల్షియమూ. ఉప్పులోని సోడియం దానికి ఎదురు పని చేస్తుంది, గింజలోని కాల్షియాన్ని కొంత జరిపి తాను చేరుతుంది, తోలు మెత్తబడుతుంది. అది కూడా నానబెట్టే నీళ్ళలోనే వేసి పారబోయమన్నది. ఉడికేటప్పుడు వేసే ఉప్పుతో లాభం తక్కువ, పైగా కట్టు మరిగి తగ్గేసరికి ఉప్పు ఎక్కువవుతుంది. వాళ్ళింట్లో బీపీ ఉంది కాబట్టి ఆ ఉప్పు కూడా వద్దనుకుంటే మానేయొచ్చు, ఫిల్టర్ నీళ్ళే అసలైన మందు.

కమలాపురం:

సరే అన్నా. ఇంకొకటి నా వైపు నుంచి. ఈ చలిరోజుల్లో అనపకాయలు వస్తాయి కదా, పితికిన పప్పుతో కూడా ఇదే పద్ధతి బాగుంటుంది. తోలు తీసిన పితికిపప్పు 200 గ్రాములకు 800 మి.లీ. నీళ్ళు, రెండు విజిల్స్ చాలు, పచ్చి గింజ కాబట్టి. సగం రుబ్బి సగం అట్లే ఉంచండి. మసాలా తగ్గించాల, నాలుగు మిరియాలు, అల్లం ముక్క, అంతే. అనప వాసన ముందు ధనియాలు, ఇంగువ ఎక్కువైతే గింజ ఎందుకు వేసినట్టు?

దేవుని కడప వంటలు:

పాయాకు వస్తాను. మబ్బుగా ఉండేకి, నీచు వాసనకు కారణాలు వేరు వేరు.

వాసన శుభ్రం దగ్గర వస్తుంది. అంగట్లో కాల్చి ఇస్తారు గానీ వెంట్రుక మొదళ్ళు, గిట్టల మధ్య నలుపు మిగిలే ఉంటుంది. ఇంట్లో స్టవ్ మంట మీద మళ్ళీ ఒకసారి తిప్పి, కత్తి వీపుతో గీకి, పసుపూ గోధుమపిండీ రుద్ది కడగండి. నాలుగు కాళ్ళకు పిండి రెండు గుప్పిళ్ళు. కీళ్ళ దగ్గర ముక్కలు కొట్టించండి. ఎముక మధ్యలో పిండి అయ్యేట్టు కొడితే సన్న పలుకులు సూప్‌లో దిగి గొంతుకు అడ్డం పడతాయి.

తర్వాత ముక్కలు మునిగేంత చల్లటి నీళ్ళలో వేసి, అర చెంచా పసుపుతో పొయ్యెక్కించి, తెర్లినాక ఐదు నిమిషాలకు ఆ నీళ్ళన్నీ పారబోయండి. మంచి నీళ్ళతో ముక్కలు, గిన్నె రెండూ కడగండి. సారం పోతుందని ఈ పని మానేస్తారు. పోయేది నెత్తురు, మడ్డి. సారం ఎముకలో, నరంలో ఉంది, అది ఐదు నిమిషాల్లో దిగేది కాదు.

నాలుగు కాళ్ళకు రెండు లీటర్ల చల్లటి నీళ్ళు, అల్లం 20 గ్రాములు దంచి, తెల్లగడ్డ ఒకటి పొట్టుతోనే, ఎర్రగడ్డ సగం, మిరియాలు పది, లవంగాలు మూడు, చిన్న చెక్క ముక్క. ఉప్పు ఇప్పుడు వద్దు. మొదటి పొంగు దాకా పైకి వచ్చే తెట్టు గరిటెతో తీస్తూ ఉండండి.

మబ్బు వచ్చేది ఇక్కడ. గిన్నెలో చేస్తే మంట ఎంత సన్నగా ఉండాలంటే, రెండు మూడు చోట్ల మాత్రం బుడగ లేచి ఆగాల. మూడున్నర, నాలుగు గంటలు. ధారాళంగా తెర్లితే పైన తేలాల్సిన కొవ్వు చితికి నీళ్ళలో కలిసిపోతుంది, తెల్లగా మబ్బుగా, నోట్లో జిడ్డుగా ఉంటుంది. ఒకసారి కలిసినాక వడగట్టినా పోదు. కుక్కర్లో అయితే ఒక విజిల్ తర్వాత సన్న మంట మీద 50 నిమిషాలు, ఆవిరి తనంతట దిగనివ్వాల. గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలితే లోపల ఒక్కసారిగా తెర్లి మళ్ళీ మబ్బే.

దించినాక పది నిమిషాలు కదపకుండా ఉంచి పైన తేలిన కొవ్వు తీసేయండి, ఒక చెంచా మాత్రం మిగల్చండి, వాసన దాంట్లోనే ఉంటుంది. ఉప్పు, అప్పుడే దంచిన మిరియాల పొడి ఒక చెంచా, కొత్తిమీర, చివర నిమ్మరసం. మిరియాల పొడి మొదట్నుంచీ మరిగితే చేదు తిరుగుతుంది, ఘాటు మిగలదు. అందుకే ఉడికేటప్పుడు గింజలు, దించేటప్పుడు పొడి.

సరిగ్గా వచ్చిందా లేదా తెలుసుకునేకి ఒక గ్లాసు ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి జెల్లీలా గడ్డకడితే ఎముక, నరం నుంచి జెలటిన్ బాగా దిగినట్టు. నీళ్ళగానే ఉంటే సమయం చాలలేదు, లేదా నీళ్ళు ఎక్కువైనాయి. ఇంట్లో యూరిక్ యాసిడ్, గౌట్ నొప్పులు ఉన్నవాళ్ళు మాత్రం పాయా జోలికి పోకపోవడం మంచిది.

బుధవారపేట ఇల్లాలు (కర్నూలు):

అందరికీ ధన్యవాదాలు. చెంచా సంగతి నిజమే, ఒకే గరిటెతో నలుగురు రుచి చూస్తాము!

ఇంకో మూడు ప్రశ్నలు. టమాటా సూప్‌కు కార్న్‌ఫ్లోర్ లేకుండా చిక్కదనం ఎట్ల? బీపీ ఉన్నవారికి ఉప్పు లీటరుకు ఎంత? రాత్రి డ్యూటీకి ఫ్లాస్క్‌లో పంపొచ్చా?

వంటింటి లెక్కలు (ప్రొద్దుటూరు):

చిక్కదనానికి మీ ఊరి బియ్యమే ఉంది. సోనా మసూరి 25 గ్రాములు, అంటే తలగొట్టిన రెండు పెద్ద చెంచాలు, కడిగి టమాటాలతో పాటు కుక్కర్లో వేసేయండి. కాకుంటే నీళ్ళు ఇంకో 100 మి.లీ. పోసి, రెండు విజిల్స్ బదులు నాలుగు. అన్నీ కలిపి రుబ్బితే సరి. పెసరపప్పు 40 గ్రాములు వేసినా చిక్కబడుతుంది, కానీ రుచి పప్పుచారు వైపు పోతుంది.

రాగిపిండి టమాటాలో వేయొద్దు, రంగు మట్టిలా తయారవుతుంది. పాలకూర, మునగాకు సూపులకు బాగుంటుంది: లీటరుకు తలగొట్టిన రెండు పెద్ద చెంచాలు, గ్లాసు చల్లటి నీళ్ళలో కలిపి పోసి, ఆరేడు నిమిషాలు తిప్పుతూ ఉడికించాల. రాగి తొందరగా చిక్కబడినట్టు కనిపిస్తుంది గానీ పచ్చి వాసన పోయేకి సమయం పడుతుంది.

పాల బదులు నునుపు కావాలంటే వేయించి పొట్టు తీసిన చెనిగ్గింజలు 40 గ్రాములు, కొంచెం నీళ్ళతో వెన్నలా రుబ్బి చివర్లో కలపండి. పాలలా విరిగే బాధ లేదు. మూడు నిమిషాలకు మించి మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. అనంతపురం వాళ్ళు ఈ మాట ఇంకా ఎందుకు అనలేదో!

ఉప్పు: మామూలుగా లీటరుకు చిన్న చెంచా ఒకటింపావు పడుతుంది, దాదాపు 7 గ్రాములు. మీరు అర చెంచాతో వండి, తక్కినవాళ్ళను ఎవరి గిన్నెలో వాళ్ళను వేసుకోమనండి. ఉప్పు తగ్గిన లోటు తెలియకుండా వేయించిన జీలకర్ర పొడి, నేతిలో ఎర్రగా వేగిన తెల్లగడ్డ, దించినాక ఒక చెంచా నిమ్మరసం. అంగడి వెన్న ఉప్పు లేనిది కొనండి, సూప్ క్యూబులు వద్దే వద్దు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, బీపీ మందులు వాడేవాళ్ళు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. ఉప్పు ఎక్కువైతే ఉర్లగడ్డ వేస్తే పీల్చుకుంటుంది అనే మాట నమ్మకండి. అది ఉప్పు నీళ్ళను పీలుస్తుంది, మిగిలిన నీళ్ళు అంతే ఉప్పగా ఉంటాయి. ఉప్పు లేని పప్పుకట్టు గానీ నీళ్ళు గానీ కలపడమే దారి.

దేవుని కడప వంటలు:

ఫ్లాస్క్ గురించి. ఖాళీ ఫ్లాస్క్‌లో తెర్లే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి ఉంచి, పారబోసి, అప్పుడు పొయ్యి మీద తెర్లుతున్న సూప్‌ను మెడ దాకా నింపండి. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. ఉలవకట్టు, వడగట్టిన పాయా రెండూ బాగుంటాయి. పాలు, మీగడ వేసింది పంపొద్దు. నాలుగు గంటల్లో తాగేయమనండి. మూత తీస్తే పొగ రాకుండా గోరువెచ్చగా ఉంటే తాగొద్దని కూడా చెప్పండి.

మిగిలిన సూప్‌ను రాత్రంతా పొయ్యి మీద వదలొద్దు, చలికాలమైనా సరే. వెడల్పాటి గిన్నెలోకి మార్చి రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజులు నిలుస్తుంది. కావాల్సినంత విడిగా తీసి బాగా తెర్లేదాకా వేడి చేయాల, మొత్తం గిన్నె రోజూ వేడి చేసి మళ్ళీ లోపల పెట్టే పని వద్దు. డీప్ ఫ్రిజ్‌లో దాచాలంటే కార్న్‌ఫ్లోర్, పాలు వేయకముందే టమాటా గుజ్జు పక్కకు తీసి దాచండి. కార్న్‌ఫ్లోర్ వేసింది గడ్డకట్టి కరిగితే నీళ్ళు ఒకవైపు, ముద్ద ఒకవైపు అవుతుంది.